భాష కోసం విదేశం వెళ్తే ఏ వీసా అడగాలి?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విశాఖ నుంచీ చుట్టుపక్కల నుంచీ వచ్చిన ఉత్తరాలన్నీ (వాట్సాప్‌లో వచ్చినవాటిని కూడా ఉత్తరాలనే అంటున్నాం, ఏమనుకోకండి) దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి. జర్మన్ నేర్చుకోడానికి జర్మనీ, జపనీస్ కోసం జపాన్, కొరియన్ కోసం సియోల్. ద్వారకానగర్ వైపు వెళ్ళి ఒకసారి తలెత్తి చూస్తే ఎందుకో తెలుస్తుంది, భాష నేర్పుతాం అనే బోర్డూ వీసా బాధ్యత మాదే అనే బోర్డూ ఒకే గోడకి వేలాడుతుంటాయి. వీసా ఇవ్వడం మానడం కాన్సులేట్ చేతిలో పని, మధ్యలో ఎవరూ బాధ్యత తీసుకోలేరు. మీ చేతిలో ఉన్నదల్లా ఎందుకు వెళ్తున్నారో, ఎన్నాళ్ళు ఉంటారో తేల్చుకుని దానికి సరిపడే వీసా అడగడం, కాగితాలు సరిగ్గా పెట్టడం. ఫీజులూ నిబంధనలూ తరచూ మారేవే కాబట్టి డబ్బు కట్టేముందు ఆయా కాన్సులేట్ సైట్ మరోసారి చూసుకోండి.

ప్రశ్న: సార్, బీటెక్ మెకానికల్ అయి రెండేళ్ళయింది. మాస్టర్స్‌కి నా మార్కులు చాలవని, ముందు లాంగ్వేజ్ వీసా మీద జర్మనీ వెళ్ళిపోతే అక్కడే యూనివర్సిటీలోకి మారిపోవచ్చని ఒక కన్సల్టెన్సీలో చెప్పారు. నాన్న అగనంపూడి దగ్గర స్థలం అమ్మేస్తానంటున్నారు. నమ్మొచ్చా? – గాజువాక

జవాబు: స్థలం బేరం ఆపమని ముందు నాన్నగారికి చెప్పండి, కనీసం ఈ జవాబు ఇద్దరూ కలిసి చదివేదాకా.

జర్మనీకి భాష పేరుతో వెళ్ళే దారులు రెండున్నాయి, మీకు చెప్పినవాళ్ళు రెండింటినీ కలిపేశారు. మొదటిది అచ్చంగా భాషా కోర్సు వీసా. కోర్సు ఇంటెన్సివ్ అయి ఉండాలి, అంటే వారానికి కనీసం 18 గంటల క్లాసు, సాయంత్రం బ్యాచ్‌లు, శని ఆదివారాల బ్యాచ్‌లు లెక్కలోకి రావు. మూడు నెలలు దాటిన కోర్సులకి ఇస్తారు, మహా అయితే ఏడాది. రెండోది, యూనివర్సిటీ నుంచి షరతులతోనైనా సీటు కాగితం చేతికి వచ్చి, చదువు మొదలయ్యేలోపు భాష పూర్తి చేసుకోడానికి వెళ్ళేవాళ్ళది. ఇది చదువు వీసా కిందికే వస్తుంది. జర్మనీలో డిగ్రీ చదవబోయే మన విద్యార్థులకి 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన మార్కుల జాబితాలు అసలైనవేనా అని పరిశీలించి ఇచ్చే కాగితం, దాదాపు అందరికీ తప్పనిసరి. మీరు భాషా వీసా మీద వెళ్ళి తర్వాత మాస్టర్స్‌లోకి మారాలన్నా సీటూ డబ్బూ అన్నీ అప్పుడు చూపించాల్సిందే, ఊరికే మారరు. అలా మార్చడం కూడా మీ హక్కేం కాదు, అక్కడి విదేశీయుల కార్యాలయం చట్టం ప్రకారం చూసి సరే అంటేనే.

అసలు సంగతి ఇంకోటుంది. మార్కులు చాలవన్నారు కదా, జర్మనీలో కూర్చుని దరఖాస్తు చేసినా అదే యూనివర్సిటీ అవే మార్కులు చూస్తుంది. భాష వస్తే జర్మన్ మాధ్యమంలో ఉన్న కోర్సులకి కూడా పెట్టుకోవచ్చు, ఆ లాభం నిజమే. దానికోసం అక్కడికే వెళ్ళి మొదటి అక్షరం దిద్దాల్సిన పని లేదు. ఏ1, ఏ2 అనే మొదటి రెండు స్థాయిలు (వాటి తర్వాతివి బీ1, బీ2) మనదగ్గరే అయిపోతాయి, హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్ ఉంది, ఆన్‌లైన్ క్లాసులున్నాయి. పైగా మీ ఫైలు చూసే అధికారి మనసులో మెదిలే మొదటి ప్రశ్న అదే: ఇండియాలో నేర్చుకోకుండా ఇక్కడికే ఎందుకు? ఆ ప్రశ్నకి మీ ఉద్దేశపత్రంలో మీ మాటల్లో జవాబు ఉండాలి. కన్సల్టెన్సీ కంప్యూటర్‌లో ముందే ఉన్న పత్రంలో పేరు మార్చి ఇస్తే, అలాంటివి చదివీ చదివీ ఉన్నవాళ్ళు రెండు వాక్యాల్లో పట్టేస్తారు.

డబ్బు సంగతి. జర్మనీ వాళ్ళు బ్లాక్డ్ అకౌంట్ అడుగుతారు, మీ డబ్బు మీ పేరు మీదే అక్కడ ఖాతాలో వేసి, మీరు వెళ్ళాక నెలకింత చొప్పున మీకే ఇస్తారు. 2024 సెప్టెంబరు నుంచి చదువు వీసాకి నెలకి 992 యూరోలు, ఏడాదికి 11,904. భాషా కోర్సు వీసాకి ఇంతకంటే పది శాతం ఎక్కువ, నెలకి 1,091. ఆరు నెలల కోర్సు అనుకుంటే 6,546 యూరోలు, యూరో వంద రూపాయల లెక్కన ఆరున్నర లక్షలు, ఇది కోర్సు ఫీజు కాకుండా. వీసా రాకపోతే ఈ డబ్బు వెనక్కి వస్తుంది, కన్సల్టెన్సీకి కట్టింది మాత్రం వస్తుందో రాదో వాళ్ళతో ముందే కాగితం మీద రాయించుకోండి. 2024 మార్చి నుంచి భాషా వీసా మీద వెళ్ళినవాళ్ళు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు, అది చేతిఖర్చుకి సరిపోతుంది గానీ ఇంటికి పంపేంత మిగలదు.

మీ చోట నేనుంటే బీ1 దాకా విశాఖలో ఉండే పూర్తి చేస్తాను. మెకానికల్ కాబట్టి ఆవుస్‌బిల్డుంగ్, అంటే కంపెనీలో పని నేర్చుకుంటూ జీతం తీసుకుంటూ చేసే వృత్తి శిక్షణ, దాని సంగతి కూడా చూస్తాను. దానికి వీసా వేరు, స్థలం అమ్మాల్సినంత ఖర్చూ ఉండదు. ఏ వీసా అయినా మన ఆంధ్ర వాళ్ళకి చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ పరిధి. దీర్ఘకాల వీసా దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, వేలిముద్రలకి మాత్రం మనిషి వెళ్ళాలి.

ప్రశ్న: మా అబ్బాయి బీకాం అయిపోయింది, జపాన్‌లో లాంగ్వేజ్ స్కూల్లో చేరతానని పట్టుబట్టాడు. వీసాకి ఎక్కడ అప్లై చెయ్యాలండీ? డబ్బు మా మరిదిగారు పెడతానన్నారు, ఆయన దుబాయ్‌లో ఉంటారు. మా వారి పేరు మీదే ఉండాలా? – ఒక తల్లి, మధురవాడ

జవాబు: అమ్మా, జపాన్ విషయంలో వీసా అన్నది చివరి మెట్టు. ముందు స్కూలు మీ అబ్బాయిని తీసుకోవాలి, తర్వాత ఆ స్కూలే అక్కడి ఇమ్మిగ్రేషన్‌కి మీవాడి తరఫున దరఖాస్తు పెడుతుంది, వాళ్ళు అర్హత పత్రం ఇస్తారు, అందరూ సీఓఈ అంటారు దాన్ని. అది వచ్చాక చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలో వీసా అడగడం. అసలు పరిశీలనంతా సీఓఈ దగ్గరే జరిగిపోతుంది. అది వచ్చిన మూడు నెలల్లోగా జపాన్‌లో అడుగుపెట్టాలి, ఆలస్యం చేస్తే అది చెల్లదు.

స్కూళ్ళు ఏడాదికి నాలుగుసార్లు చేర్చుకుంటాయి, ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి. ఏప్రిల్‌లో చేరితే రెండేళ్ళు చదవొచ్చు, జనవరిలో చేరితే ఏడాదీ మూడు నెలలు, భాషా స్కూల్లో మొత్తం మీద రెండేళ్ళకి మించి ఉండనివ్వరు. దరఖాస్తులు ఐదారు నెలల ముందే ముగుస్తాయి. పన్నెండేళ్ళ చదువు అయి ఉండాలి, మీవాడికి డిగ్రీ ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. జపనీస్ కొంత వచ్చని చూపించమంటారు, సుమారు 150 గంటలు నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ గానీ జపనీస్ పరీక్షలో మొదటి మెట్టైన ఎన్5 పాసైనట్టు గానీ. ఆ పరీక్ష మనదేశంలో జూలైలోనూ డిసెంబరులోనూ పెడతారు. ఏప్రిల్‌లో చేరాలనుకుంటే డిసెంబరు పరీక్ష ఫలితం వచ్చేసరికే స్కూలు గడువు దాటిపోతుంది, కాబట్టి జూలైలోనే రాయించండి.

ఇక మీ మరిదిగారు. ఆయన పెట్టొచ్చు, తండ్రే అయి ఉండాలని లేదు. కానీ తండ్రి ఉండగా బాబాయి ఎందుకు పెడుతున్నారో ఒక లేఖలో నిజం నిజంగా రాయాలి, మా వారి ఆదాయం తక్కువ, తమ్ముడు సాయపడుతున్నారు అని రాస్తే పరువేం పోదు. ఆయన ఉద్యోగ ధృవీకరణ, జీతం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. అందరూ తడబడేది ఆ తర్వాతిదాంట్లో. మీ అబ్బాయికీ ఆయనకీ ఉన్న బంధుత్వాన్ని కాగితాలతో చూపించాలి. అబ్బాయి పుట్టిన సర్టిఫికెట్లో తండ్రి పేరు, ఆ తండ్రి కాగితంలో తాతగారి పేరు, మరిదిగారి పాస్‌పోర్ట్‌లో అదే తాతగారి పేరు, మూడూ అక్షరం తేడా లేకుండా కలవాలి. ఒకదాంట్లో అప్పారావు, ఇంకోదాంట్లో అప్పలరావు అని ఉందనుకోండి, మన ఊళ్ళో ఎవరికీ అనుమానం రాదు గానీ టోక్యోలో ఫైలు చూసేవాళ్ళకి వాళ్ళు ఇద్దరు మనుషులు. ఆ మూడు కాగితాలూ ఇవాళే బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

ఫీజు ఏడాదికి ఏడెనిమిది లక్షల యెన్‌ల చుట్టూ ఉంటుంది, మామూలుగా సీఓఈ వచ్చాకే కట్టమంటారు. అంతకుముందే మొత్తం కట్టమనే మధ్యవర్తి కనబడితే స్కూలుకి నేరుగా మెయిల్ పెట్టి అడగండి. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు, ఆ హద్దు దాటినవాళ్ళకి తర్వాత వీసా పొడిగింపు దగ్గర దొరికిపోవడం మామూలే. హాజరు తగ్గినా అంతే. వెళ్ళే ముందు మీవాడికి ఈ రెండు ముక్కలూ గట్టిగా చెప్పండి.

ప్రశ్న: రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్ని. ఫ్రెంచి నేర్చుకోవాలని చిన్నప్పటి కోరిక. రెండు నెలలు ఫ్రాన్స్‌లో కోర్సు, తర్వాత నెదర్లాండ్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గర ఇంకో రెండు నెలలు, మా ఆవిడ కూడా వస్తుంది. టూరిస్టు వీసా సరిపోతుందా? – సీతమ్మధార

జవాబు: మాష్టారూ, మీ ఉత్తరం చదివి ఆనందించాం, కానీ లెక్క కుదరట్లేదు. ఫ్రాన్సూ నెదర్లాండ్సూ రెండూ షెంగెన్‌లోవే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోవి. షార్ట్ స్టే వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా ఆ దేశాలన్నిట్లో కలిపి 90 రోజులే ఉండాలి. అరవై, అరవై, నూట ఇరవై అయింది. మధ్యలో నాలుగు రోజులు బయటికెళ్ళి వస్తే లెక్క మళ్ళీ మొదలవుతుందని కొందరు చెప్తారు, అవ్వదు. ఏ రోజు చూసినా ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి అందులో ఎన్నాళ్ళున్నారో చూస్తారు. 2025 అక్టోబరు నుంచి పాస్‌పోర్ట్ ముద్రల స్థానంలో ఫోటో, వేలిముద్రలతో కంప్యూటర్ నమోదు కూడా మొదలైంది, కాబట్టి ముద్ర కనబడలేదన్న వాదన ఇక పనికిరాదు.

మూడు నెలల లోపు భాషా కోర్సుకి షార్ట్ స్టే వీసా సరిపోతుంది. కాకపోతే టూరిజం అని రాయకుండా కోర్సు అని రాసి, స్కూలు ఇచ్చిన చేరిక పత్రం జతచెయ్యండి. అరవై రోజులు ఫ్రాన్స్, ముప్పై రోజులు అమ్మాయి దగ్గర అని సర్దుకుంటే అన్నీ కుదురుతాయి, ఎక్కువ రోజులు ఫ్రాన్స్‌లో కాబట్టి ఫ్రాన్స్‌కే దరఖాస్తు. మేడంగారిది మామూలు సందర్శన, ఆవిడ దరఖాస్తు వేరేగా. ఫీజు మనిషికి 90 యూరోలు, దరఖాస్తు తీసుకునే వీసా సెంటర్ వాళ్ళ సర్వీసు చార్జి అదనం. 30,000 యూరోలకి తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్, పెన్షన్ కాగితాలు, బస ఎక్కడో చూపించే పత్రం కావాలి. అమ్మాయి ఇంట్లో ఉండే రోజులకి అమ్మాయి ఇచ్చే ఆహ్వానం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, 15 రోజుల లోపు మాత్రం ఒప్పుకోరు. వేలిముద్రలకి మనకి దగ్గర హైదరాబాద్, వందే భారత్‌లో వెళ్తే అపాయింట్‌మెంట్ మర్నాడు పెట్టుకోండి, అదే రోజు పెట్టుకుని బండి లేటైతే ఆ టెన్షన్ మీ వయసులో ఎందుకు.

రెండు నెలలు చాలవు, ఆరు నెలలు నేర్చుకుంటాను అంటే మాత్రం అది లాంగ్ స్టే విద్యార్థి వీసా. దానికి కాంపస్ ఫ్రాన్స్ అనే ఫ్రెంచి ప్రభుత్వ సంస్థ ద్వారా వెళ్ళాలి, ఇంటర్వ్యూ కూడా ఉంటుంది, నెలకి 615 యూరోల చొప్పున ఖర్చు చూపించాలి. అక్కడికి చేరాక మూడు నెలల్లోగా ఆ వీసాని ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఆ వీసా ఉంటే ఫ్రాన్స్‌లో ఉన్న రోజులు 90 లెక్కలోకి రావు, అమ్మాయి దగ్గర విడిగా 90 రోజుల దాకా ఉండొచ్చు. మీకు ఓపిక ఉంటే ఇదే బాగుంది. మేడంగారికి మాత్రం 90 రోజుల హద్దు ఉండనే ఉంటుంది, ఆవిడతో మాట్లాడి చూసుకోండి.

ప్రశ్న: బ్యాంకులో చూపించడానికి డబ్బు లేకపోతే మేమే ఫండ్స్ అరేంజ్ చేస్తాం, రెండు శాతం ఇవ్వండి అంటున్నారు. అందరూ ఇలాగే చేస్తారట కదా? – పేరు వద్దు, ఎన్ఏడీ

జవాబు: అందరూ చెయ్యరు. చేసినవాళ్ళలో దొరికిపోయినవాళ్ళు మీకు చెప్పరు.

ఒకసారి మీ స్టేట్‌మెంట్‌ని మీరే అధికారి కుర్చీలో కూర్చుని చూడండి. ప్రతినెలా ఒకటో తారీఖున జీతం 32 వేలు పడింది, ఐదున చీటీ కట్టారు, పదిన బండి ఈఎంఐ పోయింది, నెలాఖరుకి ఖాతాలో మూడు నాలుగు వేలు. ఐదు నెలలు ఇలా నడిచింది. ఆరో నెల 22న ఎక్కడినుంచో తొమ్మిది లక్షలు దిగాయి, 24న బ్యాంకు నుంచి బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీసుకున్నారు. ఈ కథ చదవడానికి అనుభవం కూడా అక్కర్లేదు. వీసా రాకపోవడం చిన్న నష్టం, తప్పుడు కాగితం పెట్టారని తేలితే పెద్ద నష్టం. బ్రిటన్ అయితే మోసం చేసినట్టు తేలినవాళ్ళని పదేళ్ళు రానివ్వకుండా చెయ్యగలదు, మిగతా దేశాల దరఖాస్తుల్లోనూ గతంలో వీసా నిరాకరించారా అనే గడి ఉంటుంది.

పెద్ద మొత్తం ఒక్కసారి రావడం తప్పేం కాదు, ఎక్కడిదో చెప్పగలగాలి, అంతే. చీటీ పాడుకున్నారా, చీటీ కంపెనీ కాగితం. స్థలం అమ్మారా, రిజిస్టర్డ్ దస్తావేజు నకలు. బంగారం మీద లోనా, ఆ లోన్ పత్రం. మావయ్య ఇచ్చారా, ఆయన ఖాతా స్టేట్‌మెంటూ ఆయన సంతకం చేసిన లేఖా. విద్యారుణం మంజూరు లేఖని కూడా చాలా దేశాలు ఒప్పుకుంటాయి, ఫలానా కోర్సుకి కుదురుతుందా అని బ్యాంకులో ముందే అడగండి, ఎందుకంటే ఒట్టి భాషా కోర్సుకి లోన్ ఇవ్వడానికి బ్యాంకులు అంతగా ముందుకు రావు. విదేశానికి పంపే డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే పై మొత్తం మీద బ్యాంకు టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటుంది, గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణం డబ్బైతే పట్టుకోదు. పట్టుకున్నది కూడా ఎక్కడికీ పోదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది.

ప్రశ్న: టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంది. ఆధార్‌లో పూర్తిగా ఉంది. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, అన్నీ కలిపి ఒకే గడిలో ఉన్నాయి. కొరియాలో యూనివర్సిటీ వాళ్ళు ఏది నీ పేరు అని మెయిల్ పెట్టారు! – పెందుర్తి

జవాబు: తెలుగువాళ్ళ సగం వీసా కష్టాలు ఇక్కడే ఉన్నాయి. మనకి ఇంటిపేరు ముందు, మధ్యలో వెంకటో సాయో, చివర రావో కుమారో. ప్రపంచంలో చాలామందికి కుటుంబం పేరు చివర ఉంటుందని ఫారాలు తయారుచేసేవాళ్ళ నమ్మకం, దాంతో రావుగారి కుటుంబమంతా ఒకటే అనుకుంటారు.

విదేశంలో మీ పేరు అంటే పాస్‌పోర్ట్‌లో ఉన్నదే. స్కూలు ఇచ్చే చేరిక పత్రం, ఇన్సూరెన్స్, టికెట్, బ్యాంకు కాగితం అన్నీ పాస్‌పోర్ట్ మొదటి పేజీలో ఉన్నట్టే, ఖాళీల దగ్గర ఖాళీలతో సహా ఉండాలి. సర్‌నేమ్ ఖాళీగా ఉన్న పాస్‌పోర్ట్ చెల్లుతుంది గానీ ఆన్‌లైన్ ఫారాల్లో ఆ గడి తప్పనిసరి అయినప్పుడల్లా ఒక్కొక్కరు ఒక్కొక్కటి రాసేస్తారు, ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. ప్రయాణానికి ఇంకా సమయం ఉంటే మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు పరిధిలో రీఇష్యూ పెట్టుకుని ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి మార్పించుకోండి, సీటు కాగితం రాకముందే. వచ్చాక మారిస్తే ఆ కాగితం మళ్ళీ రాయించాలి. సమయం లేకపోతే, ఫలానా ఫలానా పేర్లు నావే అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి ప్రతి దరఖాస్తుకీ జతచెయ్యండి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒట్టి అక్షరం ఉండటం పెద్ద అడ్డంకి కాదు, పుట్టినతేదీ తేడా ఉంటే అది అడ్డంకి.

కొరియాకి డిగ్రీ సర్టిఫికెట్ మీద అపోస్టిల్ కూడా అడుగుతారు, అంటే మన విదేశాంగ శాఖ ముద్ర. ముందు రాష్ట్రస్థాయి ధృవీకరణ, తర్వాత ఆ ముద్ర, దీనికి పట్టే కాలాన్ని మనవాళ్ళు ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తారు.

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ కొరియన్ సీరియల్స్ చూసి చూసి సగం భాష నేర్చేసుకున్నాం, మిగతా సగానికి సియోల్ వెళ్దామని ప్లాన్. టూరిస్టు వీసా మీద క్లాసులకి వెళ్ళొచ్చా? ఇంట్లో ఇంకా చెప్పలేదు. – ఎంవీపీ కాలనీ

జవాబు: ఇంట్లో చెప్పండి ముందు, ఎందుకంటే బ్యాంకు స్టేట్‌మెంట్ నాన్నగారిదే కావాల్సి వస్తుంది.

రెండు మూడు వారాల వేసవి కోర్సుకి షార్ట్ టర్మ్ వీసా చాలు. పూర్తి టర్మ్‌లు చదవాలంటే డి-4, యూనివర్సిటీలకి అనుబంధంగా ఉన్న భాషా కేంద్రాల్లో చేరేవాళ్ళకి ఇచ్చేది. యొన్‌సే యూనివర్సిటీలో అలాంటి కేంద్రం 1959 నుంచీ నడుస్తోంది. టర్మ్ అంటే పది వారాలు, వారానికి 20 గంటలు, ఏడాదికి నాలుగు టర్మ్‌లు. ఖాతాలో కోటి వన్‌లు చూపించమంటారు, కోటి అనగానే కంగారు పడకండి, మన డబ్బులో ఆరు లక్షల పైచిలుకు, సియోల్ చుట్టుపక్కల కాకుండా వేరే ప్రాంతంలో అయితే ఇంకొంచెం తక్కువ. మనదేశం వాళ్ళకి టీబీ పరీక్ష సర్టిఫికెట్ కూడా కావాలి. మొదటి ఆరు నెలలు పార్ట్‌టైమ్ లేదు, తర్వాత కూడా అనుమతితోనే. దిగాక 90 రోజుల్లోగా విదేశీయుల నమోదు చేయించుకోవాలి. అధికారికి సీరియళ్ళ సంగతి చెప్పొచ్చు, తప్పులేదు, కానీ నేర్చుకున్నాక ఏం చేస్తారో కూడా చెప్పాలి.

ప్రశ్న: స్టాఫ్ నర్సుగా ఆరేళ్ళ అనుభవం. జర్మన్ లాంగ్వేజ్ వీసా మీద పంపి అక్కడ హాస్పిటల్లో పెట్టిస్తాం, నాలుగు లక్షలు అంటున్నారు. – అక్కయ్యపాలెం

జవాబు: మీరు భాషా వీసా మీద వెళ్ళనక్కర్లేదండీ. నర్సులకి విద్యార్హత గుర్తింపు కోసం వేరే వీసా ఉంది, ఆస్పత్రి కాగితం మీద దానితోనే వెళ్తారు. రిజిస్టర్డ్ నర్సుగా చెయ్యాలంటే మామూలుగా బీ2 స్థాయి జర్మన్ కావాలి, అది ఇక్కడ నేర్చుకునే వెళ్ళడం మేలు. ఉద్యోగానికి పంపే ఏజెంటుకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు వెతికితే కనబడాలి, అభ్యర్థి దగ్గర తీసుకునే సర్వీసు చార్జి 30,000 రూపాయలూ జీఎస్టీ దాటకూడదు. నాలుగు లక్షలన్న మనిషిని రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మేము స్టూడెంట్ కన్సల్టెన్సీ అండీ, మాకు అక్కర్లేదు అంటే, మిమ్మల్ని భాషా వీసా మీద ఎందుకు పంపుతానంటున్నారో అర్థమైనట్టే.

ప్రశ్న: ఇంగ్లీషు మెరుగుపరుచుకోడానికి లండన్ గానీ అమెరికా గానీ కెనడా గానీ. విజిట్ వీసా మీద కుదురుతుందా? – భీమిలి

జవాబు: ఒక్కో దేశానిదీ ఒక్కో పద్ధతి. బ్రిటన్‌లో గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల లోపు కోర్సైతే విజిటర్‌గానే చదవొచ్చు. ఆరు నుంచి పదకొండు నెలల ఇంగ్లీషు కోర్సుకి షార్ట్ టర్మ్ స్టడీ వీసా వేరే ఉంది, దాని మీద పని చెయ్యకూడదు, పొడిగింపు లేదు, కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి లేదు. కెనడాలో ఆరు నెలలు లేదా అంతకు తక్కువ కోర్సుకి స్టడీ పర్మిట్ అక్కర్లేదు, విజిటర్ వీసా మాత్రం కావాలి. అమెరికా అలా కాదు, వారానికి 18 గంటల పూర్తిస్థాయి భాషా కోర్సంటే స్కూలు ఇచ్చిన ఐ-20 అనే చేరిక పత్రం తీసుకుని ఎఫ్-1 విద్యార్థి వీసా అడగాలి, మనకి హైదరాబాద్ కాన్సులేట్. బీ-2 టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడ క్లాసులో చేరిపోదాం అనుకోకండి.

ప్రశ్న: జర్మన్ భాషా కోర్సు వీసా రిజెక్ట్ అయింది. ఉచితంగా అప్పీల్ లెటర్ పెట్టొచ్చని సీనియర్లు చెప్పారు. ఎలా రాయాలి? – కూర్మన్నపాలెం

జవాబు: మీ సీనియర్లు వెళ్ళినప్పుడు ఉండేది. 2025 జూలై 1 నుంచి జర్మనీ ఆ పద్ధతి తీసేసింది. ఇప్పుడున్నవి రెండే, బెర్లిన్‌లో పరిపాలనా న్యాయస్థానంలో కేసు వెయ్యడం లేదా కొత్తగా దరఖాస్తు చెయ్యడం. కేసు ఖర్చూ కాలమూ చూస్తే ఆరు నెలల భాషా కోర్సు కోసం అది గిట్టుబాటు కాదని మా అభిప్రాయం, మళ్ళీ పెట్టుకోండి. కానీ అదే ఫైలు మళ్ళీ పెట్టకండి. నిరాకరణ లేఖలో కారణం రాస్తారు. ప్రయోజనం నమ్మదగ్గట్టు లేదన్నారా, అయితే ఈలోగా ఇక్కడ ఏ1, ఏ2 పరీక్షలు పాసై ఆ సర్టిఫికెట్లు పెట్టండి, కోర్సు అయ్యాక ఏ పనికి ఆ భాష వాడతారో సొంతంగా రాయండి, వీలైతే ఇప్పుడు పనిచేస్తున్న చోట నుంచి ఒక లేఖ తీసుకోండి. డబ్బు అన్నారా, పైన ఎన్ఏడీ పాఠకుడికి రాసింది చదవండి. గతంలో రిజెక్ట్ అయిన సంగతి కొత్త ఫారంలో దాచకండి, వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది.

జపాన్ వాళ్ళది ఇంకా కచ్చితం, వీసా నిరాకరిస్తే అదే ప్రయోజనానికి ఆరు నెలల దాకా మళ్ళీ తీసుకోరు. కాబట్టి మధురవాడ తల్లిగారూ, తాతగారి పేరు ముందే సరిచూసుకోండి.